శ్రేణులు ఏలిన నగరం

రాజ్యమేలేవాడు యోధుడో, రాజవంశీకుడో, మతాధిపతియో అయి ఉండాలన్న భావం లోకంలో చిరకాలంగా పాతుకుపోయి ఉంది. వర్తకుడు ఆర్జిస్తాడు, చేతిపనివాడు నిర్మిస్తాడు, పాలించేది మాత్రం మరొకడు. అందువల్లనే తక్కెడ పట్టినవారూ, మగ్గం నడిపినవారూ, కొలిమి ఊదినవారూ కలిసి తమను తాము ఏలుకున్న నగరం అనగానే అదేదో కథకుని కల్పన అనిపిస్తుంది. కాని అటువంటి నగరం నిజంగానే ఉండేది. ఇటలీ దేశంలో ఆర్నో నది ఒడ్డున వెలసిన ఫ్లారెన్స్ నగరాన్ని 13వ శతాబ్దం చివరి నుంచి సుమారు 150 సంవత్సరాలపాటు వృత్తిశ్రేణులే పాలించాయి.

శ్రేణి అన్న మాట భారతీయులకు కొత్త కాదు. లాట దేశం నుంచి దశపురానికి, అంటే నేటి మధ్యప్రదేశ్‌లోని మందసోర్‌కు, తరలివచ్చిన పట్టు నేతగాండ్ర శ్రేణి క్రీ.శ. 436లో అక్కడ ఒక సూర్యదేవాలయం కట్టించింది. అది శిథిలం కాగా 473లో మళ్లీ తానే బాగు చేయించింది. ఆ సంగతిని చెప్పే శాసనంలోనే కుమారగుప్త చక్రవర్తికీ, స్థానిక ప్రభువైన బంధువర్మకూ ప్రశంసలు ఉన్నాయి. అంత సంపదా, అంత ఐకమత్యమూ గల శ్రేణి గుడి కట్టిందే గాని సింహాసనం వైపు చేయి చాచలేదు. ఫ్లారెన్స్ శ్రేణులు ఆ సాహసం చేశాయి.

ఆ నగరంలో మొత్తం 21 శ్రేణులు ఉండేవి. వాటిలో ఏడు పెద్దవి: న్యాయవేత్తలూ పత్రలేఖకులూ, విదేశీ వస్త్ర వర్తకులు, షరాబులు, ఉన్నిబట్టల వారు, పట్టు వర్తకులు, వైద్యులూ మందుల వర్తకులూ, బొచ్చుతోళ్ల వర్తకులు. కసాయివారు, కమ్మరులు, చెప్పులు కుట్టేవారు, రాతిపనివారూ వడ్రంగులూ, రొట్టెలు కాల్చేవారు మొదలైన తక్కిన 14 శ్రేణులూ చిన్నవి. 1282లో ఈ శ్రేణుల నుంచి ఎన్నికైన ప్రతినిధుల చేతికి నగరపాలన వచ్చింది. 1293లో చేసిన ధర్మశాసనాలు కోటలూ కత్తులూ గల ప్రభువంశాలను ఉన్నత పదవులకు దూరం చేశాయి. పేరు ప్రతిష్ఠలు ఎన్ని ఉన్నా, ఏదో ఒక శ్రేణిలో పేరు నమోదు కానివాడికి పాలనలో పాలు లేదు. మహాకవి డాంటే నాడి చూసినవాడు కాదు, మందు నూరినవాడూ కాదు. అయినా వైద్యుల శ్రేణిలో చేరిన తరువాతనే 1300లో నగరపాలకులలో ఒకడు కాగలిగాడు.

అధికారం ఒకరి చేతిలో గడ్డకట్టకుండా వారు చేసుకున్న ఏర్పాటు విచిత్రమైనది. పాలకుల పదవీకాలం రెండు నెలలు మాత్రమే. 1328 నుంచి అర్హుల పేర్లు చీటీలపై రాసి సంచులలో వేసి, గడువు వచ్చినప్పుడల్లా పైకి తీసేవారు. ఎంపికైనవారు ఇల్లు, అంగడి విడిచి నగర భవనంలోనే కాపురముండి, ఒకే పంక్తిన భోజనం చేస్తూ, రాజ్యవ్యవహారాలు చక్కబెట్టాలి. గడువు తీరగానే వర్తకుడు మళ్లీ తన తక్కెడ వద్దకు, కమ్మరి తన కొలిమి వద్దకు వెళ్లిపోవలసిందే. నిన్నటి పాలకుడు నేటి బజారులో బేరమాడే మనిషి.

వర్తకుల పాలనలో నమ్మకమే మూలధనం. 1252లో ఆ నగరం ముద్రించిన ఫ్లోరిన్ అనే బంగారు నాణెంలో దాదాపు మూడున్నర గ్రాముల మేలిమి బంగారం ఉండేది. ఒకవైపు లిల్లీ పువ్వు, మరొకవైపు నగర రక్షకుడైన సాధువు యోహాను ప్రతిమ గల ఆ నాణెం యూరప్ సంతలన్నిటా చెల్లింది. బట్టలోని నూలు నాణ్యతకూ, తూకానికీ, రంగుకూ శ్రేణి పూచీపడేది. నాసిరకం సరుకు అమ్మినవాడికి జరిమానా తప్పేది కాదు.

వారి సంపద అంగళ్లలోనే నిలిచిపోలేదు. జ్ఞానస్నాన మందిరానికి కంచు తలుపులు చేయించడం కోసం 1401లో శిల్పుల మధ్య పోటీ పెట్టినది వస్త్ర వర్తకుల శ్రేణి. మహాదేవాలయ నిర్మాణ భారాన్ని ఉన్ని శ్రేణి వహించింది. దిక్కులేని పసిబిడ్డల కోసం 1419లో ఒక ఆశ్రమ నిర్మాణాన్ని తలపెట్టినది పట్టు శ్రేణి. ఒక చక్రవర్తి చేయగలిగిన దాతృత్వాన్ని బట్టలమ్మేవారు చేసి చూపారు.

ఇంతవరకు చెప్పినది నాణెంలో ఒక ముఖం మాత్రమే.

శ్రేణి అంటే గోడా ద్వారమూ గల ఇల్లు. లోపల ఉన్నవారికి రక్షణ. వెలుపల ఉన్నవారికి గోడ. మహాదేవాలయంపై గుమ్మటం లేపుతున్న బ్రునెల్లెస్కి కంసాలిగా పట్టు శ్రేణికి చెందినవాడు. రాతిపనివారి శ్రేణికి చెల్లించవలసిన చందా చెల్లించలేదని 1434లో, గుమ్మటం ఇంకా పూర్తి కాకముందే, అతన్ని చెరసాలలో పెట్టించారు. దేవాలయ నిర్మాణాధికారులు కలుగజేసుకుంటే గాని విడుదల కాలేదు. అంతటి నిర్మాతకే గోడ తగిలినప్పుడు, పేరు లేని కూలివాడి మాట చెప్పనేల?

ఫ్లారెన్స్ ఐశ్వర్యానికి ఆధారం ఉన్నిబట్ట. ముడి ఉన్నిని కడిగేవారు, కొట్టి శుభ్రం చేసేవారు, దువ్వేవారు, ఏకేవారు వేలసంఖ్యలో ఉండేవారు. ఉన్ని శ్రేణిలో వీరెవరికీ సభ్యత్వం లేదు. సరుకూ లాభమూ యజమానులవి, శ్రేణీ వారిదే. కాని శ్రేణి నిబంధనలు మాత్రం కూలివారిని కట్టివేసేవి. వారిని విచారించి శిక్షించే అధికారి కూడా ఆ శ్రేణి నియమించినవాడే. యజమాని లాభం బంగారు ఫ్లోరిన్లలో పెరిగేది. కూలివాడి వేతనం చిల్లర నాణేలలో ఉండేది. ఆ చిల్లరలో వెండి పాలు తగ్గినప్పుడల్లా, అంకె మారకుండానే కూలి తరిగిపోయేది. తమకొక సంఘం పెట్టుకునే హక్కు వారికి లేదు. 1345లో చూతో బ్రాందీని అనే కార్మికుడు తోటివారిని కూడగట్ట ప్రయత్నించగా అతన్ని ఉరితీశారు. సంఘం కట్టుకోవడం వల్లనే రాజ్యానికి వచ్చినవారు, సంఘం కట్టుకున్నందుకే ఒక మనిషిని చంపారు!

అణగిన అసంతృప్తి 1378 జూలైలో పెల్లుబికింది. చోంపీలని పేరుబడిన ఆ ఉన్ని కూలీలు నగర భవనాన్ని వశపరచుకున్నారు. వారిలో ఒకడైన మికేలే ది లాందో నగర ప్రధాన పదవికి ఎక్కాడు. రాజ్యం చేజిక్కిన ఆ క్షణంలో వారు కోరినదేమిటో గమనించదగినది. శ్రేణుల పాలన నశించాలని వారు కోరలేదు. తమకూ ఒక శ్రేణి కావాలన్నారు. ఇంటిని కూల్చమనలేదు, తలుపు తీయమన్నారు. రంగులద్దేవారికి ఒకటి, చొక్కాలు కుట్టేవారికి ఒకటి, అడుగు కూలీలకు ఒకటి చొప్పున మూడు కొత్త శ్రేణులు ఏర్పడి మొత్తం 24 అయ్యాయి.

తెరచిన తలుపు ఎన్నో దినాలు నిలవలేదు. యజమానులు కార్ఖానాలు మూసివేశారు. కూలీల ఇళ్లలో ఆకలి మొదలైంది. ఆగస్టు చివర చోంపీలు మళ్లీ వీధికెక్కినప్పుడు వారిని అణచివేసినవారిలో తక్కిన శ్రేణులవారితోపాటు మికేలే ది లాందో కూడా ఉన్నాడు. కూలీల శ్రేణి రద్దయింది. 1382లో మిగిలిన రెండు కొత్త శ్రేణులూ పోయాయి. తమవారిని అణచి పెద్దల మెప్పు పొందిన మికేలే సైతం ఆ ఏడాదే దేశబహిష్కృతుడయ్యాడు.

వెలుపలివారిని రానీయని ఇంటిలో లోపలి స్వేచ్ఛ కూడా క్రమంగా ఇరుకైపోయింది. 1434లో షరాబు కుటుంబానికి చెందిన కోసిమో మెడిచి ప్రవాసం నుంచి తిరిగివచ్చాడు. అతడు కిరీటం పెట్టుకోలేదు, శ్రేణులను రద్దు చేయలేదు. సంచిలో ఎవరి పేర్లు పడాలో నిర్ణయించేవారిని చేతిలో ఉంచుకున్నాడు, అది చాలింది. రెండు నెలల పదవులూ, చీటీలూ యథాప్రకారం సాగాయి గాని నిర్ణయాలు మెడిచీల ఇంట జరిగేవి. 1532లో ఆ వంశీకుడే బాహాటంగా ప్రభువైనాడు. చివరకు 1770లో నాటి పాలకుడు శ్రేణులనే రద్దు చేశాడు. తమ స్వేచ్ఛను కాపాడుకోవడానికి ఆ శ్రేణులకు వేలమంది అండ అవసరమైన నాటికి, ఆ వేలమందికి కాపాడుకోవలసినదేమీ అందులో లేకపోయింది.

ఫ్లారెన్స్ నడిబొడ్డున, ఒకప్పుడు ధాన్యపు బజారుగా ఉన్న ఓర్‌సాన్‌మికేలే ప్రార్థనాలయం వెలుపలి గోడలలో 14 గూళ్లు ఉన్నాయి. వాటిలో శ్రేణులు పోటీపడి తమ తమ రక్షక సాధువుల విగ్రహాలు నిలిపాయి. కవచాలు చేసేవారి కోసం దొనాతెల్లో సాధువు జార్జిని చెక్కాడు. రాతిపనివారి గూటి అడుగున ఉలి పట్టి పనిచేస్తున్న శిల్పుల రూపాలే ఉన్నాయి. గూళ్లలో నేడు కనిపించేవి నకళ్లు, మూలవిగ్రహాలను భద్రపరిచారు. ఆ 14 గూళ్లలో ఉన్ని దువ్వినవారికి ఒక్కటీ లేదు. 19వ శతాబ్దంలో మాత్రం అక్కడికి దగ్గరలోనే ఉన్న కొత్త బజారు మంటపంలో ఒక విగ్రహం వెలసింది. అది మికేలే ది లాందోది. తలుపు తీయించినవాడూ అతడే, మళ్లీ మూయడానికి చేయి వేసినవాడూ అతడే. ఉరికంబమెక్కిన చూతో బ్రాందీనికి ఆ మంటపంలోనూ చోటు దొరకలేదు.