అత్తగారి పాటల సీడీ

పెండ్లినాటి పాటలు, నోముల కథలు, సంగీతపు కచ్చేరీలు నింపిన సీడీలు మనలో ననేకుల యిండ్ల బీరువాలలో నేటికిని బడియున్నవి. వానిని బాడించు ప్లేయరులు చాలవరకు మూలబడినవి. బాగుచేయువారును దొరకుట కష్టముగా నున్నది. క్రొత్తగా గొనుచున్న ల్యాప్‌టాపులలో బెక్కింటికి సీడీ డ్రైవే యుండదు. కొందరు వానిని దారమునకు గట్టి, పిట్టలను బెదరించుటకై తోటలలో వ్రేలాడదీయుచున్నారు. అవి యెండలో దళతళలాడుచుండును. అభ్రకమునకు బేరొందిన మా గూడూరు ప్రాంతమువారికి ఆ తళుకు క్రొత్త గాదు. కాని అభ్రకపు పొరలో పాట లేదు, ఇందు గలదు.

మావారు బడిపంతులు. వారి కంప్యూటరు పదియేండ్ల నాటిది. 2025 అక్టోబరులో విండోసు 10 నకు మైక్రోసాఫ్టువారి సాధారణ సంరక్షణ ముగిసినది. విండోసు 11 ఆ పాత యంత్రముపై నెక్కదు. పారవేయుటకు మనసొప్పక మావారు దానిపై లైనక్సు మింటు వేసికొనిరి. ఫిన్లాండు దేశమున విద్యార్థిగా నున్న లైనస్ టోర్వాల్డ్సు 1991లో నారంభించినది లైనక్సు. దానికి వెల లేదు. ఇరుగుపొరుగువారికి ప్రతి తీసియిచ్చినను దప్పు లేదు. తోడుపెట్టుటకు మజ్జిగ యిచ్చినట్లే. ఇవి యన్నియు మావారు చెప్పిన గుణములు. మాకు గావలసిన గుణ మొక్కటియే: ఆ పాత యంత్రమునకు సీడీ డ్రైవున్నది.

ఏలయన, మా బీరువాలో నొక సీడీ కలదు. 2006లో మా యాడుబిడ్డ పెండ్లిలో అత్తగారు పాడిన పదునొకండు పాటలను క్యాసెట్టుపై బట్టి, తరువాత నొక యంగడిలో సీడీగా జేయించిరి. ఊర్మిళాదేవి నిద్ర, లక్ష్మణదేవర నవ్వు అందున్నవి; తక్కినవి హారతులు, అప్పగింతల పాటలు. క్యాసెట్టు చెమ్మకు బూజుపట్టి పోయినది. అత్తగారి కిప్పు డెనుబదియవ యేడు. గొంతు పూర్తిగా సన్నగిల్లినది. నాటి కంఠము మిగిలియున్నది ఆ యొక్క సీడీలోనే.

దానిని డ్రైవులో బెట్టి, ఫోటోల సీడీని దెరచినట్లు దెరువబోయినచో దస్త్రము లేవియు మామూలుగా గనబడకపోవచ్చును. అది చూచి కొందరు సీడీ చెడిపోయినదని నిశ్చయింతురు. అట్లు తలపరాదు. పాటల సీడీకి నియమములను ఫిలిప్సు, సోనీ కంపెనీలవారు 1980లో నేర్పరచిరి. 1982లో నది యమ్మకమునకు వచ్చినది. కంప్యూటరు దస్త్రముల నుంచు సీడీలు ఆ పిమ్మట బుట్టినవి. పాటల సీడీలో దస్త్రములను మాటయే లేదు. పండ్రెండు సెంటీమీటర్ల బిళ్లపై లోపలినుండి వెలుపలికి చుట్టలుగా నొకే దారి పోవుచుండును. సెకనునకు 44,100 మారులు శబ్దమును గొలిచి, ఎడమ చెవికొకటి కుడి చెవికొకటి యా దారివెంట వ్రాసియుంతురు. మొదట నొక చిన్న పట్టిక: పాట లెన్ని, ఏది యెక్కడ నారంభము. అంతియే. పేర్లు గూడ వ్రాయు పద్ధతి తరువాత వచ్చినది గాని చాల సీడీలపై నది లేదు. ఆశ్వాసముల పేర్లు లేక సంఖ్యలు మాత్రమే యున్న తాటాకు ప్రతి వంటి దిది.

పాడించుట మాత్రము సులభము. రిథంబాక్సు అను ప్లేయరును దెరచినచో నెడమవైపు పట్టికలో సీడీ తనంత దానే కనబడును. దానిని నొక్కిన బాటల వరుస వచ్చును. వీఎల్‌సీ యున్నవారు 'మీడియా' యను చోట 'ఓపెన్ డిస్కు' నొక్కి 'ఆడియో సీడీ' నెన్నుకొనవలెను. మాకు రిథంబాక్సే యనుకూలముగా దోచినది.

వరుస వచ్చినది గాని, పదునొకండు పాటలకును పేర్లకు మారుగా అంకెలే యున్నవి. పాడినవారి పేరుండవలసిన చోట 'అన్‌నోన్' అని యున్నది. అత్తగారు కుర్చీ దగ్గరకు జరుపుకొని,

"ఏమని రాసుందమ్మా దాంట్లో?" అని యడిగిరి.

"ఎవరో తెలియదు అని ఉంది అత్తయ్యా."

"నేనే గదా పాడింది! ఎదురుగా కూచోనుంటే తెలీదా దానికి?"

మేమందరము నవ్వితిమి. ఆమెయు నవ్విరి గాని, తరువాత గొంతసేపు మాటాడలేదు.

ఆ పేర్లు ప్లేయరునకు దెలియు విధము వేరు. ప్రతి పాట యెక్కడ నారంభమగునో ఆ లెక్కలను జేర్చి, మ్యూజిక్‌బ్రెయిన్జ్ అను బహిరంగపు జాబితా నది యడుగును. సంగీతాభిమానులే స్వచ్ఛందముగా నింపుచున్న జాబితా యది. పేరుగన్న విద్వాంసుల సీడీలకు వెంటనే యుత్తరము వచ్చుటయు గలదు. ఇండ్లలో బాడిన పాటలను దాని కెవరు చెప్పుదురు? మనమే పంపవచ్చునని మావా రనగా, అత్తగారు "ఊరోళ్లందరికీ ఎందుకు నాయనా!" యనిరి. మావారికి గొంచెము నిరాశ కలిగినది. పెద్దావిడ యొప్పుకొనక యామె పేరు పదిమందిలో బెట్టుట మాకు సమ్మతము గాదు. ఇంటి ప్రతిలో మాత్రము వ్రాసికొనుట కొప్పుకొనిరి.

ఇచ్చట నొక మాట. తాళ్లపాక అన్నమాచార్యులవారి (1408–1503) సంకీర్తనలు రాగిరేకులపై జెక్కబడి, తిరుమల యాలయమున శతాబ్దములు మరుగుపడియుండి, ఇరువదవ శతాబ్దమున వెలికి వచ్చినవి. రేకులపై సాహిత్యమును రాగము పేరును గలవు. పాడిన వరుస లేదు. అందుచే నేడు మనము వినుచున్నవి చాలవరకు నీ కాలపు విద్వాంసులు గట్టిన వరుసలు. ఆయన యిల్లాలు తిమ్మక్క సుభద్రాకల్యాణమును మంజరీద్విపదలో రచించినది. అది మనకు దక్కినది. ఆమె దానిని ఏ వరుసను బాడుకొనెడిదో చెప్పు రేకు లేదు. సీడీలో మాటయు వరుసయు గంఠమును గూడ నిలుచును గాని రాగికున్న యాయువు దీనికి లేదు. కంపెనీవారి సీడీలో సన్నని గుంతలు అచ్చుపడియుండును. అంగడిలో వ్రాయించిన సీడీలో నొక రంగుపూత యుండును. దానిని లేజరు కిరణముతో మార్చి వ్రాయుదురు. ఎండకును వేడికిని ఆ రంగు చెడును. పేరు వ్రాయు పైవైపు గట్టిదని మన మనుకొందుము. మెరుపుపొర యా వైపుననే పలుచని పూత క్రింద నుండుటచే నచ్చటి గీతయే యెక్కువ హాని. తుడుచునప్పుడు మెత్తని బట్టతో నడుమనుండి యంచునకు దిన్నగా దుడువవలెను. పళ్లెము తోమినట్లు గుండ్రముగా రుద్దరాదు.

కావున ప్రతి తీయక తప్పదు. ఎంపీత్రీగా జేసిన జోటు మిగులునని మావారి వాదము. ఎంపీత్రీ కొంత శబ్దమును విడిచివేయును. సీడీలోని శబ్దము నిమిషమునకు బదిమెగాబైట్లకు బైగా నుండును. ఫ్లాకు అను పద్ధతి యందేమియు విడువకయే దానిని సగమునకు నటునిటుగా నొదిగించును. అత్తగారి గొంతులో నేది విడువదగినదో తేల్చు నధికారమును యంత్రమున కిచ్చుట మా కిష్టము లేదు. చివరకు ఫ్లాకే నిలిచినది.

ఎనిమిది పాటలు నిమిషములలో వచ్చినవి. తొమ్మిదవదానియొద్ద డ్రైవు గురగురలాడసాగెను. అప్పుడు సీడీ-పారనోయా యను సాధనమును బెట్టితిమి. పేరే అతిశంక! చదివినదానినే మరల జదివి, రెండును సరిపోల్చి, కుదురకున్న మరల జదువును. చేట ముందిడుకొని మా యత్తగారు బియ్య మేరు తీరది. రాత్రి తొమ్మిదింటికి బెట్టిన పని తెల్లవారువరకు సాగినది. పాట దక్కినది, రెండుచోట్ల మాత్రము తునిగినది.

ఉదయమున దానిని వినిపించితిమి. తునిగిన చోటు రాగానే అత్తగారు సన్నని గొంతుతో నా లేని మాటల నందించిరి. మేము కాగితముపై వ్రాసికొంటిమి.

"ఇది ఎవరు కట్టిన పాట అత్తయ్యా?"

"మా అమ్మ. నన్ను అత్తగారింటికి పంపేటప్పుడు కట్టింది. ఆమెకు రాయడం రాదు."

ఆ సంగతి మావారికి నంతవరకు దెలియదు. ఫ్లాకు దస్త్రమున రచయిత పేరు వ్రాయుటకును జోటు గలదు. ఆమె పేరును దెలుగు లిపిలోనే టైపు చేసి, చదివి వినిపించితిమి. ఇంటిపేరు గూడ చేర్చుమని అత్తగా రనిరి. పుట్టింటిదా, మెట్టినింటిదా యనగా, రెండును వ్రాయుమనిరి.

ప్రతులు మూడు చేసితిమి: కంప్యూటరులో నొకటి, పెన్‌డ్రైవులో నొకటి, ఆడుబిడ్డ కొకటి. పదునొకండవ పాట పేరు మాత్ర మింకను వ్రాయలేదు. అది తన కంటె వెంకటగిరిలోని చెల్లెలికే బాగుగా దెలియునని అత్తగా రందురు. ఈ యాదివారము రైలున నందరము బోవుచున్నాము.