పెన్న ఒడ్డు నుండి పగడాల దరికి

జమ్మలమడుగులో పెన్న ఇసుక తొక్కి పెరిగినవారము మేము. ఒక ఫిబ్రవరిలో పిల్లలతో అండమాను వెళ్ళాము. ముఖానికి అద్దాలు, నోట గొట్టం పెట్టుకొని నీటి అడుగున పగడాలు చూడాలని వారి ఆశ. 2018 వరకు హేవ్‌లాక్ అనబడిన స్వరాజ్ ద్వీప్‌లో ఎలిఫెంట్ బీచ్ ఇందుకు అనువైనది. మే నుండి నైరుతి గాలులకు సముద్రం అల్లకల్లోలం. జనవరి మొదలు ఏప్రిల్ వరకు నిమ్మళం. పొద్దున్నే నీరు తేటగా ఉంటుంది.

అయినా మేము వెళ్ళిననాడే గాలి లేచింది. "ఈ రోజు వద్దన్నా" అన్నాడు తెలుగువాడైన పడవ నడిపే తమ్ముడు. పిల్లలు ఏడ్చినా వెనుదిరిగాము. మరునాడు ఈతరాని మా చిన్నది అతని చెయ్యి వదలకుండానే రంగురంగుల చేపలను చూచింది. పగడం రాయి కాదు, ప్రాణమున్నది, కాలు మోపరాదని అతడే నేర్పాడు.

లోతెరుగని నీట దిగవద్దని గండికోట దగ్గర మన పెద్దలు చెప్పేమాట అక్కడా నిజమే.