గోస్తనీ ఒడ్డున కొరికిన ఆకులు

అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తనీ బొర్రా గుహల గుండా పారి, తాటిపూడి జలాశయంలో నిలిచి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. గుహలు చూడ్డానికి వచ్చినవాళ్లు అడవి పచ్చగా ఉందనుకుని వెళ్లిపోతారు. నేను మాత్రం ఆకులకు చిల్లులున్నాయా అని చూస్తాను.

ఈ వాలుల్లో చాలాచోట్ల ఉన్నది మళ్లీ మొలిచిన అడవి. పోడు కొట్టి, కాల్చి, కొన్నేళ్లు చోళ్లు, సామలు పండించి వదిలేసిన నేల. ఇప్ప, చింత, పనస చెట్లను గిరిజనులు నరకరు కాబట్టి అవి పాతవే. మిగతావి మోళ్ల నుంచి చిగిర్చిన మద్ది, ఎండ చూసి ఎగబాకిన చెట్లు, వాటిని చుట్టుకున్న అడ్డాకు తీగలు. తొందరగా ఎదిగే చెట్టు ఆకు పలచన, మెత్తన. పురుగు తింటే ఇంకొకటి వేస్తుంది. నీడలో నిదానంగా పెరిగే చెట్టు తన ఆకును మందంగా, వగరుగా చేసుకుని కాపాడుకుంటుంది. అందుకే తొలకరి తర్వాత గొంగళ్లు ముందు వాలేది పాత పోడు మీదే. విస్తళ్లు కుట్టే ఆడవాళ్లకు చిల్లుపడ్డ అడ్డాకు పనికిరాదు, ఆ నష్టం నిజమే. కానీ గింజలు తినే పిచ్చుక సైతం పిల్లల నోట్లో పెట్టేది పురుగునే.

కొండదిగువన టేకు కనబడితే వానాకాలం చివర్లో ఒక ఆకు కోసి వెలుగుకు పట్టి చూడండి. పురుగు పచ్చదనమంతా గీకి తినేసినా సన్నని ఈనె ఒక్కటీ తెగి ఉండదు.

ఆ పక్కనే లాంటానా పొద ఆకులు దాదాపు చెక్కుచెదరకుండా ఉంటాయి. నాకు దిగులు పుట్టించే పచ్చదనం అదే. అమెరికా ఖండపు మొక్కను 19వ శతాబ్దం తొలినాళ్లలో కలకత్తా తోటకు తెచ్చారు. దాన్ని అణచడానికి 1941లో ఆస్ట్రేలియా నుంచి ఒక చిన్న నల్లిజాతి పురుగును డెహ్రాడూన్‌కు తెప్పించారు. టేకుకూ పడుతుందేమోనని భయపడి ఆపేశారు. అయినా అది తప్పించుకుని వ్యాపించింది, లాంటానా మాత్రం లొంగలేదు. దాన్ని వేళ్లతో పెకలించి, మద్ది మోళ్లను పశువులు మేయకుండా కాస్తే చాలు, గొంగళ్లు వాటంతటవే వస్తాయి.

పద్మనాభం దాటాక అడవి పోయి జీడిమామిడి, సరుగుడు తోటలొస్తాయి. భీమిలి ఇసుకలో జిల్లేడు దొరుకుతుంది. పాలు కారే ఆ ఆకును తినే గొంగళి ముందు ఈనె కొరికి, పాలు తగ్గాక మేత మొదలుపెడుతుంది. పసుపు, నీలం చారల జిల్లేడు మిడత కూడా అక్కడే ఉంటుంది. పిల్లలకు తప్పక చూపించండి, ముట్టుకోనివ్వకండి. దాని పిల్ల కంగారుపడితే మంట పుట్టించే రసం చిమ్ముతుంది.