రాయదుర్గములో స్పానిషు పాఠములు

రాయదుర్గమనగానే అనంతపురమువైపు కొండకోటను తలంపకుడు. మేము చెప్పబోవునది హైదరాబాదు పడమటి కొననున్న రాయదుర్గము. నాగోలునుండి వచ్చు మెట్రోబండి యిచ్చటితో నిలిచిపోవును. ఈ కడపటి స్టేషను 2019 నవంబరులో తెఱచిరి. ఏనుగులవంటి గుండ్లు అచ్చటచ్చట మిగిలియున్నవి; తక్కిన చోట్ల నెల్ల అద్దపుమేడలే. ఒకప్పుడు గోలకొండకోటకు నీరిచ్చిన దుర్గము చెరువుపై 2020లో తీగెలవంతెన వెలసినది.

ఈ మేడలలోనివారు పగలొక దేశముతో, రాత్రి మఱొక దేశముతో మాటలాడుదురు. వారికి అక్కఱవచ్చు భాషలలో స్పానిషొకటి. 20 దేశములలో అది రాజ్యభాష. మా యింటివారు బడిపంతులు. ఆ కొలువులతో మాకు పనిలేదు. పిల్లలతోపాటు మేమును ఒక భాషను మొదటినుండి నేర్వవలెనను వేడుకతో, వంటపని ముగిసిన పిదప దినమున కరగంట దానికై యుంచితిమి.

"ఉన్న తెలుగే పోవుచుండ ఈ క్రొత్త గోల యేల?" యని మా అత్తగారనిరి. ఆ మాటలో నిజము కలదు. ఈ పేటలోని పిల్లలనేకులు తెలుగు మాటలాడుదురు గాని చదువలేరు. మా పిల్లలును అట్టివారే. కావుననే మేము ఇంగ్లీషు మీదుగా బోవక, స్పానిషు మాటలన్నియు పలకపై తెలుగు లిపిలోనే వ్రాయించితిమి. రేపును వారు 'మఞాన' యందురు. వర్ణమాలలో ఊరక కూర్చున్న ఞకారమునకు పని దొరకినది. 'పెరో' యనిన 'కాని', 'పెఱ్ఱో' యనిన కుక్క. బండి ఱ యెందులకని మా చిన్నవాడు మఱల నడుగలేదు.

వ్యాకరణమున మఱింత చుట్టఱికము. 'ఆబ్లో' యనిన 'మాటలాడుదును'; నేననుట క్రియలోనే యిమిడియున్నది. 'ఆయన పంతులు' అనుచో మనకు క్రియ యక్కఱలేదు, 'ఆయన బడిలో ఉన్నాడు' అనుచో కావలెను. స్పానిషువారు మొదటిదానికి 'సేర్', రెండవదానికి 'ఎస్తార్' అను వేర్వేఱు క్రియలను వాడుదురు. రెంటికిని ఒకే క్రియ గల ఇంగ్లీషుతో వచ్చువారికిది చిక్కు. మా పిల్లలకు చిక్కే కాలేదు. పెద్దలను 'ఉస్తెద్' అని పిలుతురు. 'తమ దయ' యను గౌరవపుమాట అరిగి యట్లయినదట. మన 'తమరు' వంటిదే. బల్ల స్త్రీలింగము, పుస్తకము పుంలింగమని విని పిల్లలు నవ్విరి. సంస్కృతమున భార్యను జెప్పు దారశబ్దము పుంలింగము, కళత్రశబ్దము నపుంసకమని చెప్పగా, ఈమారు వారి తండ్రిగారును నవ్విరి.

ఈ భాష తెలుగునేలకు క్రొత్తది గాదు. 1920లో బార్సిలోనాలో పుట్టిన విన్సెంటు ఫెర్రరుగారు 1969లో అనంతపురము చేరి, గ్రామీణాభివృద్ధికై సంస్థ నెలకొల్పి, 2009లో కన్నుమూయువఱకు ఆ సీమకే సేవచేసిరి. స్పెయినులోని కుటుంబములు అచ్చటి పిల్లలకు చేయూతనిచ్చుచు జాబులు వ్రాయుట యిందువలన గలిగినదే. మొదట తలంపవలదన్న ఆ రాయదుర్గమును ఇట్లు తలంపవలసి వచ్చినది!

తార్నాక చేరువనున్న ఆంగ్ల, విదేశీ భాషల విశ్వవిద్యాలయమున స్పానిషు బోధింతురు. మొన్న ఆ ప్రాంగణము చూపుటకై పిల్లలను మెట్రోలో గొనిపోయితిమి. మా పెద్దపిల్ల కిటికీ దగ్గఱ నిలిచి, స్టేషనుల పేర్లు తెలుగులో నొక్కొక్కటిగా కూడబలుకుకొని చదువుచు తార్నాకవఱకు వచ్చినది.