పలుకని మీటలు

2017వ సంవత్సరపు వేసవి సెలవులలో మా పాఠశాలకు ఒక క్రొత్త కంప్యూటరు వచ్చినది. విద్యార్థుల వ్యాసములను దానిపై తెలుగున కూర్చి అచ్చునకు పంపవలెనని మా సంకల్పము. తక్కిన యంత్రములందు విండోస్ 7 ఉండుటచేత, బీరువాలోని పాత డిస్కుతో దీనికిని అదియే ఎక్కింపబూనితిమి. సహాయమునకు నలుగురు విద్యార్థులు వచ్చిరి.

మీట నొక్కగానే వచ్చు బయోస్ తెరయందు కీబోర్డు చక్కగా పనిచేసినది. డిస్కు నుండి మొదలిడుమని యంత్రమునకు ఆజ్ఞ యిచ్చితిమి. కొంతసేపటికి మరియొక తెర వచ్చి, భాష యేది, కీబోర్డు యేది అని అడిగినది. జవాబు చెప్పుటకు మీట నొక్కితిమి, చలనము లేదు. మౌసును కదలలేదు. యు.ఎస్.బి. తీగను ఒక పోర్టు నుండి మరియొక పోర్టునకు మార్చి చూచితిమి, ఫలము సున్న. కీబోర్డే చెడినదని తీర్మానించి, తిరిగి పంపుటకై పెట్టెలో పెట్టబోయితిమి.

అప్పుడు వెనుక నిలిచియున్న ఒక బాలిక, "సార్, మొదట్లో వచ్చిన తెరలో ఇది పని చేసె కదా?" అని మెల్లగా అన్నది. లంబాణి తాండా నుండి వచ్చు ఆ బాలిక తరగతిలో నోరు తెరచుట అరుదు. మందబుద్ధి యని మేము లోలోపల ముద్ర వేసియుంటిమి. ఆమె మాట విని కీబోర్డును పాత యంత్రమునకు తగిలించితిమి. ప్రతి మీటయు పలికెను!

కారణమును పిమ్మట తెలిసికొంటిమి. యు.ఎస్.బి. 3.0 ప్రమాణము వెలువడినది 2008 నవంబరులో. 2009లో వచ్చిన విండోస్ 7 డిస్కునందు దానికి వలయు డ్రైవరు లేదు. 2015 తరువాతి బోర్డులు పెక్కింటియందు పోర్టులన్నియు ఆ క్రొత్త పద్ధతివే. బయోసునకు ఆ భాష తెలియును గనుక మీటలు పలికినవి. డిస్కునకు తెలియదు గనుక మూగవోయినవి. పాత డిస్కును క్రొత్త యంత్రమునకు తొడుగబోయిన తొందరపాటు మాదే.

మరునాడు యంత్రమును పూర్తిగా ఆపి, సామానుల గదిలోని గుండ్రని పిన్నుల పి.ఎస్. 2 కీబోర్డును ఊదారంగు సాకెట్టునకు తగిలించితిమి. పని నిరాటంకముగా సాగినది. అటుపై బోర్డుతో వచ్చిన డిస్కు నుండి యు.ఎస్.బి. డ్రైవరును ఎక్కింపగా క్రొత్త కీబోర్డును పలికెను. గుండ్రని సాకెట్టు లేనిచో ఆ డ్రైవరును ముందుగనే ఎక్కించు డిస్కునందు చేర్చుకొనవలెను. 2012 నాటి విండోస్ 8 మొదలుకొని అది లోపలనే యున్నది. విండోస్ 7కు సాధారణ మద్దతు 2020 జనవరి 14న ముగిసినది గావున నేడు దానిని వాడరాదు.

ఈ ఉదంతము మాకొక పాత సంగతిని జ్ఞప్తికి తెచ్చినది. అనంతపురమున శిక్షణ పొంది పావగడకు వచ్చిన క్రొత్తలో, ఒక కార్యాలయమున మాకు కన్నడ పత్రము నొకదానిని ఇచ్చి నింపుమనిరి. రెండు లిపులును అక్కచెల్లెండ్రే. అయినను ఏ గడిలో ఏమి వ్రాయవలెనో తెలియక కలము పట్టుకొని నిలిచితిమి. చదువురానివానిని చూచినట్లు మమ్ము చూచిరి. ఆ చూపును మేము నేటికిని మరువలేదు. మరువని మేమే, ఇంట లంబాణి, బడిలో తెలుగు, కచేరీలో కన్నడము వినుచు పెరుగు ఆ బాలికను అదే చూపుతో చూచితిమి గదా!

మూడు వైపుల ఆంధ్రసీమ గల ఈ తాలూకాలో మన బిడ్డలు రేపు కన్నడ, ఆంగ్ల తరగతులకు పోవలసినవారు. అచ్చట వారు మౌనము వహించినచో, తల్లిదండ్రులారా, వెంటనే నిందింపకుడు. ఇంతకుముందు ఎచ్చటనైన చక్కగా పలికిరా యని మొదట విచారింపుడు. ఉపాధ్యాయులమైన మాకును ఇదే హెచ్చరిక.

ఆ జూన్ నెలలో ఆ బాలికను పాఠము నంతయు మొదట తాండా మాటలతోనే చెప్పుమంటిమి, పిదప తెలుగున. తొలినాడు సిగ్గుపడినది. దసరా నాటికి ఆపుట కష్టమైనది. ఆ యేటి సంచికకు తన వ్యాసమును ఆ క్రొత్త కీబోర్డుపై తానే కూర్చినది.