బండిని నిద్రపుచ్చడం

దూరదేశం వెళ్ళేవాళ్ళు ముందుగా ఏం సర్దుకుంటారు? మా అమ్మనడిగితే వాము, శొంఠి, కరక్కాయ అంటుంది. న్యూజెర్సీలో మా మరదలికి డిసెంబరులో పురుడు. ఆవిడ హడావిడి ఆవిడది. నాన్ననడిగితే మాత్రం, "ముందు బండి సంగతి చూడాలమ్మా" అన్నారు.

బండంటే పాత మారుతీ ఓమ్ని వ్యాను. అమీర్‌పేటలో మా అపార్ట్‌మెంటు సెల్లారులో ఓ స్తంభం పక్కన ఉంటుంది. కరెంటాఫీసులో రిటైరయ్యాక నాన్న దాని వెనకసీట్లు తీయించి బల్ల వేయించారు. పగలు కూర్చోవడానికి, రాత్రి నడుం వాల్చడానికి. చిన్న ఫ్యానుకూ లైటుకూ విడిగా ఇంకో బ్యాటరీ. శ్రీశైలం, అహోబిలం, భద్రాచలం అన్నీ అందులోనే చూశాం. అమెరికావాళ్ళు ఇలాంటిదాన్ని క్యాంపర్ వ్యాను అంటారట. మా అమ్మ మాత్రం "మీ నాన్న రెండో సంసారం" అంటుంది.

తమ్ముడు ఫోనులో రహస్యంగా చెప్పాడు: "అక్కా, నాన్నకు 76. చూపు ఆనడం లేదు. వాళ్ళు విమానం ఎక్కగానే బండి అమ్మెయ్యి."

నేను "సరే" అన్నాను. అన్నానే గానీ, ఆ రోజునుంచీ నాన్న కళ్ళలోకి చూడలేకపోయాను.

ఈ నిద్రపుచ్చడం గొడవంతా ఒకప్పుడు ఆ తమ్ముడు చెప్పిందే! అక్కడ వాళ్ళ పక్కింటాయనకో ఇల్లంత బండి ఉందట. చలికాలం రాగానే దాని గొట్టాల్లో నీళ్ళన్నీ తీసేసి, గడ్డకట్టని గులాబీరంగు ద్రవం పోస్తాడట. చార్జి లేని బ్యాటరీ మైనస్ 10 డిగ్రీల లోపే గడ్డకట్టి పెంకు పగులుతుంది. నిండా చార్జి ఉన్నది మైనస్ 50 అయినా చలించదు. అందుకని చార్జి చేసి మరీ దాచుకుంటాడట.

"మనకు ఆ చలి ఎక్కడిది నాన్నా?" అన్నాను.

"మనకు శత్రువు చలి కాదు, ఎండ. వేడికి బ్యాటరీ తనంతట తనే తొందరగా దిగిపోతుంది" అన్నారు.

ఆదివారంనాడు పంజాగుట్ట వెళ్ళి డిస్టిల్డ్ వాటర్ డబ్బా తెచ్చాను. బోరునీళ్ళు పోస్తే అందులోని లవణాలు పలకల్ని తినేస్తాయట. మెకానిక్ భాయి వచ్చి టైర్లలో గాలి కాస్త ఎక్కువ కొట్టాడు. ట్యాంకు నిండా పెట్రోలు పోయించాడు. "హ్యాండ్‌బ్రేక్ గుంజొద్దమ్మా, పట్టుకపోతది. ఇటుకలు పెట్టున్రి. ఎలుకలతోని జాగ్రత్త, వైర్లు కొరుకుతయ్" అని హెచ్చరించి వెళ్ళాడు.

ఇక బ్యాటరీల పాఠం. నేను బి.ఏ. చదివినదాన్ని, ప్లస్సు గుర్తు చూస్తే నాకు ఆస్పత్రే జ్ఞాపకమొస్తుంది. నాన్న ఓపిగ్గా చెప్పారు. విప్పేటప్పుడు మైనస్ తీగ ముందు, బిగించేటప్పుడు అదే ఆఖరు. నీళ్ళు చార్జి అయ్యాకే గుర్తుదాకా పోయాలి. పలకలు బయటపడితే మాత్రం ముందే మునిగేదాకా పోయాలి. చార్జి పెట్టినప్పుడు హైడ్రోజన్ వస్తుంది కనక గాలి ఆడే చోట ఉంచాలి. పూజగది పక్కన ఖాళీ ఉందని అమ్మ అంటే, "దీపం దగ్గరా! పుణ్యం మాట దేవుడెరుగు, పైకప్పు పోతుంది" అని నాన్న రెండింటినీ బాల్కనీ నీడలో చెక్కమీద పెట్టించారు. ఈ కాలపు ప్లాస్టిక్ పెట్టెలకు చెక్క అక్కర్లేదట. అలవాటు!

మర్నాడు మీటరు పెట్టి చూపించారు. 12.6 వోల్టులంటే కడుపు నిండినట్టు. 12.4కి దిగితే మళ్ళీ చార్జి పెట్టాలి. అలా వదిలేస్తే పలకలమీద సీసపు సల్ఫేటు గట్టిపడిపోతుంది, తరవాత ఎంత చార్జి పెట్టినా ఎక్కదు.

"బ్యాటరీ పనిచేసి అంత చెడదమ్మా, ఖాళీగా పడేస్తేనే చెడుతుంది" అన్నారు. ఓ నిమిషం ఆగి, మీటరు తీగలు చుట్టుకుంటూ, "తమ్ముడు నీతో ఏం చెప్పాడో నాకు తెలుసు. అమ్మాలనిపిస్తే అమ్మెయ్యి. కానీ చార్జి నింపి ఇవ్వు. కొన్నవాడు మనల్ని తిట్టుకోకూడదు" అన్నారు.

నాకు నోటమాట రాలేదు. నవలల్లో పాత్రలచేత పేజీలకు పేజీలు మాట్లాడించేదాన్ని, "అలాగే నాన్నా" అని కూడా అనలేకపోయాను.

వాళ్ళు వెళ్ళి మూడు నెలలైంది. మనవరాలు పుట్టింది. బండి సెల్లారులోనే ఉంది. నెలకోసారి నేను చార్జి పెట్టి, మీటరు చూసి ఫోను చేస్తాను. అక్కడ కిటికీ అవతల మంచు. "ఎంతుందమ్మా?" అంటారు, హలో కూడా అనకుండా.

"12.6 నాన్నా."

"రెండోది?"

"అదీ అంతే."

"భేష్!" ఆ గొంతులో ఆరోగ్యం నాకు వినిపిస్తుంది.

తమ్ముడు కోప్పడ్డాడు. వాడి భయంలో అబద్ధం లేదు. నాన్న ఇక నడపకూడదు. అందుకే నేను డ్రైవింగు స్కూల్లో చేరాను. ఈ వయసులో క్లచ్చుతో కాపురం నేర్చుకోవడం ఎంత కష్టమో చెప్పలేను! నిన్న పంజాగుట్ట చౌరస్తాలో బండి మూడుసార్లు ఆగిపోయింది. వెనకవాళ్ళ హారన్లకు చెవులు గింగురుమన్నాయి.

వేసవిలో నాన్న వస్తారు. పక్కసీట్లో కూర్చుని ఇంతకన్నా ఎక్కువ కేకలేస్తారు. ఫరవాలేదు, వేయనివ్వండి.