గుట్టు కన్నా బిడ్డ ముఖ్యం

మన దేశంలో హెచ్.ఐ.వి. మొదట బయటపడింది మద్రాసులోనే. 1986లో డాక్టర్ సునీతి సోలమన్, ఆమె విద్యార్థిని డాక్టర్ నిర్మల దాన్ని గుర్తించారు. ఆనాడు మందు లేదు. ఇవాళ మందు ఉంది, రాకుండా కాపాడే మాత్రలూ ఉన్నాయి. ఇంట్లో ఆ మాట ఎత్తే ధైర్యమే ఇంకా రాలేదు.

అంబత్తూరు పారిశ్రామికవాడను నమ్ముకుని వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు మావి. ఊరు కాని ఊళ్లో మాట పడకూడదని, ‘ఇంటి గుట్టు లంకకు చేటు’ అని పిల్లలకు నూరిపోశాం. అందుకే మగవారి మీదే మనసుపడే కొడుకు ఆ సంగతి అమ్మానాన్నలకు తప్ప ఎవరికైనా చెప్పుకుంటాడు. చాటుమాటు స్నేహాల్లో జాగ్రత్త చెప్పే పెద్దదిక్కు ఉండదు. అనుమానం వచ్చినా, ఆసుపత్రికి వెళితే ఇంట్లో తెలుస్తుందేమోనని ఆగిపోతాడు. రోగం ముదిరేది అలా ఆగిన రోజుల్లోనే.

మా చెల్లెలి కొడుకు ఒకనాడు, “పెద్దమ్మా, నాకు పెళ్లి వద్దు. అమ్మాయిల మీదికి మనసు పోదు” అన్నాడు. ఏమనాలో తోచక, “అన్నం చల్లారిపోతోంది, తిను నాన్నా” అన్నాను. మర్నాడు వాడే రక్తపరీక్షకు తోడు రమ్మన్నాడు. వాడు లోపల మాట్లాడుతున్నంతసేపూ బయట బల్లమీద కూర్చున్నాను. ఫలితం నేను అడగలేదు. ఇప్పుడు పరీక్షలకు వాడే వేళకు వెళుతున్నాడు.

పెద్దలు కొన్ని తెలుసుకోవాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐ.సి.టి.సి. కేంద్రాల్లో పరీక్ష ఉచితం. 2017 నాటి చట్టం ప్రకారం, సమ్మతి లేకుండా పరీక్ష చేయడం, ఫలితం బయటపెట్టడం తప్పు. 1097కు ఫోను చేస్తే సలహా చెబుతారు. కండోముతో పాటు, వైరస్ లేనివారు డాక్టరు సలహాపై ‘ప్రెప్’ మాత్రలు వాడితే సోకే ప్రమాదం బాగా తగ్గుతుంది. సోకినవారు కూడా మందులు క్రమం తప్పక వాడి, రక్తపరీక్షలో వైరస్ కనబడని స్థితిలో కొనసాగితే, కలయిక వల్ల వారినుంచి ఇతరులకు సోకదు.

ఇలాంటి ప్రేమ నేరం కాదని 2018లో సుప్రీంకోర్టు తేల్చింది. 2021లో మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఆనంద్ వెంకటేశ్, ఇద్దరమ్మాయిల కేసు చూస్తూ, తానే మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని విషయం తెలుసుకున్నారు. ఆ స్వభావాన్ని ‘మార్చే’ వైద్యాలు కూడదన్నారు. న్యాయమూర్తికి లేని నామోషీ మనకెందుకు?

పిల్లవాడు నోరు విప్పిన రోజున గుళ్లకూ, జాతకాలకూ తిప్పకండి. వాడు చెప్పేది వినండి. ఆసుపత్రికి తోడు రమ్మంటే వెళ్లండి.